బస్తా లెక్కలోంచి బీజగణితంలోకి: మారేదానికి అక్షరం పెట్టి లెక్క రాసుకోవడం

శ్రీకాకుళం, విజయనగరం వైపు ధాన్యం అమ్మకాల సీజన్‌లో ఏ కళ్ళం దగ్గర నిలబడినా అవే మాటలు వినపడతాయి, బస్తాకి ఎంత పడుద్ది, హమాలీ ఎంత, బండి కిరాయి ఎంత, తరుగు ఎన్ని కేజీలు తీస్తున్నారు, అన్నీ పోగా చేతికి ఎంతొస్తది. ఈ లెక్కంతా కాగితం, కలం లేకుండా నోటితోనే వేసేస్తారు, అదీ పెద్దగా తేడా రాకుండా. అదే మనిషి ఇంటికెళ్లి ఏడో క్లాసు చదివే పిల్లాడి నోట్‌బుక్‌లో 5య + 20 అని ఉండటం చూస్తే మాత్రం "ఏట్రా ఇది, లెక్కల్లో అచ్చరాలేటి" అంటాడు.

నిజానికి రెండూ ఒకే పని. కళ్ళం దగ్గర వేసిన లెక్క ఆ ఒక్కసారికే, 60 బస్తాలకి వేసింది 75 బస్తాలకి పనికిరాదు, మళ్లీ మొదట్నుంచి రావాలి. బీజీయ సమాసం అంటే ఆ లెక్క దారిని ఒకసారి రాసి పెట్టుకోవడం, మారే సంఖ్య ఉన్న చోట ఒక అక్షరం పెట్టి. తర్వాత అసలు సంఖ్య తెలిసినప్పుడు అక్షరం తీసి సంఖ్య వేస్తే జవాబు వచ్చేస్తుంది. స్కూల్లో వీటికి చరరాశి (మారేది), స్థిరరాశి (మారనిది), ప్రతిక్షేపించడం (అక్షరం చోట సంఖ్య వేయడం) అని పేర్లు పెడతారు, ఆ పేర్లకే సగం మంది భయపడిపోతారు. తీరా చూస్తే తడబాటు వచ్చేది కూడికల్లోనూ కాదు, గుణకారాల్లోనూ కాదు. ఆ అక్షరం దేనికి పెట్టాం, లెక్కలో ఏది మారుద్ది ఏది మారదు, చిక్కంతా ఈ రెండిటి దగ్గరే.

చిన్నదానితో మొదలెడదాం. ఆమదాలవలసలో రైలు దిగి శ్రీకాకుళం టౌన్‌కి వెళ్లాలి (స్టేషన్ పేరేమో శ్రీకాకుళం రోడ్డు, టౌను మాత్రం పన్నెండు పదమూడు కిలోమీటర్ల అవతల, కొత్తగా వచ్చేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు). షేర్ ఆటోలో మనిషికి 30 రూపాయలు అనుకుంటే, న మందికి అయ్యేది 30న, అంటే 30 × న. ఆటో మొత్తం మనమే మాట్లాడుకుంటే 200 అనుకుందాం, ఇద్దరెక్కినా ఐదుగురెక్కినా 200యే, అందులో అక్షరానికి పనే లేదు. న చోట 6 వేస్తే షేర్ ఆటోకి 180, 7 వేస్తే 210, అంటే ఏడుగురైతే ఆటో మాట్లాడుకోవడమే లాభం. ఏడుగురు ఒక ఆటోలో ఎక్కడం రూల్ ప్రకారం తప్పే, కాకపోతే ఆ రోడ్డు మీద రోజూ కనపడే దృశ్యం.

ఇక్కడ న అని రాశాం గానీ ఏ అక్షరమైనా పర్లేదు. ఇంగ్లీషు ఎక్స్, వైలే వాడాలని ఎక్కడా లేదు, అవి 1637లో డెకార్ట్ అనే ఫ్రెంచాయన పుస్తకం తర్వాత బాగా స్థిరపడిన అలవాటు. మన దేశంలో అంతకు చాలా ముందే, 1150లో భాస్కరాచార్యుడి బీజగణితంలో తెలియని రాశుల్ని యావత్తావత్తు, కాలక, నీలక అంటూ మొదటిదానికి ఒక పేరు, మిగతావాటికి రంగుల పేర్లు పెట్టి పిలిచారు, రాసేటప్పుడు పొట్టిగా యా, కా, నీ అని వేసేవాళ్లు. కాబట్టి య, న, త అని రాసుకుంటే లెక్కకి వచ్చే నష్టమేం లేదు.

అసలు నష్టం ఇంకో చోట ఉంది. అక్షరాన్ని వస్తువు అనుకోవడంలో. చాలాచోట్ల పిల్లలకి మొదటిరోజే "మూడు మామిడిపళ్లు, రెండు బత్తాయిలు కలిపితే 3మ + 2బ, మామిడినీ బత్తాయినీ కలపలేం కదా, అందుకే ఇది ఐదు అవ్వదు" అని చెప్పేస్తారు. ఆ పూటకి పిల్లాడికి అర్థమైనట్టే ఉంటుంది. కానీ వాడి బుర్రలో మ అంటే మామిడిపండు అని పడిపోయింది, రేపు మ = 12 వెయ్యమంటే మామిడిపండు పన్నెండు అవ్వడమేంటో వాడికి ఎక్కదు, 3మ అంటే మూడుని మ తో గుణించడం అన్న సంగతి అసలు గుర్తే రాదు. అక్షరం ఎప్పుడూ ఒక సంఖ్యే. మ అనేది ఒక మామిడిపండు ధర కావచ్చు, పళ్ల లెక్క కావచ్చు, బుట్ట బరువు కావచ్చు, పండు మాత్రం కాదు.

దీన్ని తేలిగ్గా తీసుకోడానికి లేదు. ఒక స్కూల్లో ప్రతి టీచర్‌కీ 30 మంది పిల్లలున్నారు అనుకోండి, పిల్లల సంఖ్య ప, టీచర్ల సంఖ్య ట, ఈ రెండిటి సంబంధం రాయమంటే చాలామంది చెయ్యి తిన్నగా 30ప = ట అని రాసేస్తుంది, ఎందుకంటే చెవికి అలాగే వినపడింది, ముప్ఫై పిల్లలు, ఒక టీచరు. సరైంది ప = 30ట. నాలుగు వేసి చూస్తే తెలిసిపోతుంది, టీచర్లు 4 అయితే పిల్లలు 120, బాగానే ఉంది. తప్పుదాంట్లో పిల్లలు 120 అని వేస్తే టీచర్లు 3,600 వస్తారు, డీఎస్సీ రాసి కూర్చున్నవాళ్లు తప్ప ఎవరూ సంతోషించని జవాబు. 1980ల మొదట్లో అమెరికాలో జాన్ క్లెమెంట్ బృందం ఇలాంటి ప్రశ్నే, ఒక్కో ప్రొఫెసర్‌కీ ఆరుగురు స్టూడెంట్లు అని, ఇంజినీరింగ్ మొదటి ఏడాది వాళ్లకి ఇస్తే మూడో వంతు కంటే ఎక్కువమంది తప్పు రాశారు, అందులో ఎక్కువ ఇలా తిరగేసి రాసినవే. ఇంజినీరింగ్ దాకా వెళ్లినవాళ్లే అలా రాస్తే ఏడో క్లాసు పిల్లాణ్ణి తిట్టడం దేనికి.

ఇప్పుడు కళ్ళం దగ్గరికి వద్దాం. 2025-26 ఖరీఫ్‌కి సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు, అంటే కేజీకి 23.69. ఈ వైపు బస్తా అంటే ఎక్కువగా 80 కేజీల లెక్క, కాబట్టి బస్తాకి 23.69 × 80 = 1,895.20. న బస్తాలకి 1895.20న. ఇక్కడ 80ని మారని సంఖ్య అనుకుంటున్నాం గానీ గోదావరి జిల్లాల వాళ్లతో మాట్లాడితే వాళ్ల బస్తా 75 కేజీలు, వాళ్ల లెక్కలో ఈ సమాసం తప్పు. స్థిరరాశి అనేది ఎక్కడిదాకా స్థిరమో కూడా ఒకసారి చూసుకోవాలి.

ఖర్చులు కలుపుదాం, ఇవి ఊహించుకున్న అంకెలు. బస్తాకి హమాలీ 25, మిల్లు దగ్గర దింపినందుకు బస్తాకి 15, బండి కిరాయి ట్రిప్పుకి 1,200. చేతికి వచ్చేది 1895.20న − 25న − 15న − 1200. ఇందులో మొదటి మూడూ బస్తా లెక్కన నడిచేవి, న ఉన్నవి, వాటిని కలిపేయొచ్చు, 1855.20న అవుతుంది. చివరి 1200కి న తో సంబంధం లేదు, బండిలో 40 బస్తాలు వేసినా 60 వేసినా డ్రైవర్ అడిగేది అంతే. కాబట్టి 1855.20న − 1200 దగ్గర ఆగిపోవాలి. 60 బస్తాలకి 1,11,312 లోంచి 1,200 తీస్తే 1,10,112. పరీక్షల్లో పిల్లలు చేసే తప్పు ఏంటంటే ఇక్కడితో ఆగలేకపోవడం, ఇంకా ఏదో చెయ్యాలి అనిపించి 1855.20లోంచి 1200 తీసేసి 655.20న అని రాసేస్తారు. దానర్థం ప్రతి బస్తాకీ విడిగా ఒక బండి పెట్టారని. సజాతి పదాలు (కలపగలిగేవి), విజాతి పదాలు (కలపలేనివి) అని బట్టీ పట్టించేకన్నా "ఇది బస్తాకా, ట్రిప్పుకా" అని అడిగితే చాలు, ఈ ప్రశ్న అడిగితే తప్పు రాయడం కష్టం.

చివరికి న చోట సున్నా వేసి చూడండి, −1200 వస్తుంది. బస్తా లేకుండా బండి వచ్చి వెనక్కి పోతే జేబులోంచి పోయేది అంతే కదా, అంటే సమాసం నిజంతో కుదిరింది. ఈ సున్నా వేసి చూడటం అనేది పెద్ద ఖర్చు లేని చెకింగ్, స్కూల్లో ఎందుకో పెద్దగా చెప్పరు.

తరుగు లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. తేమ ఉందనో మట్టిగడ్డలు ఉన్నాయనో బస్తా మీద రెండు మూడు కేజీలు అదనంగా తూకం వేసుకుంటారని రైతులు ఏటా గోల పెడతారు. అదనంగా తీసుకునేది త కేజీలు అనుకుంటే, న బస్తాలకి రైతు నిజంగా ఇచ్చేది (80 + త)న కేజీలు, డబ్బులొచ్చేది 80న కేజీలకే. పోయేది 23.69 × త × న రూపాయలు. ఇక్కడ రెండు అక్షరాలు ఒకదాన్నొకటి గుణించుకుంటున్నాయి, దెబ్బంతా అక్కడే ఉంది. "బస్తాకి కేజీయే కదా" అన్న మాట వినడానికి చిన్నగా ఉంటుంది, కానీ న = 100 అయితే త ఒక్కటి పెరిగినప్పుడల్లా 2,369 రూపాయలు పోతాయి, మూడు కేజీలైతే 7,107. మాట్లాడేటప్పుడు అందరూ త గురించే మాట్లాడతారు, పక్కనున్న న ని ఎవరూ పలకరు.

బ్రాకెట్ సంగతి కూడా ఇక్కడే చూసేద్దాం. (80 + త)న ని బ్రాకెట్ లేకుండా 80 + తన అని రాస్తే, త 3, న 100 వేసినప్పుడు గుణకారం ముందు జరుగుతుంది కాబట్టి 80 + 300 = 380 కేజీలు వస్తుంది. వంద బస్తాలు 380 కేజీలా? బ్రాకెట్ ఉంటే 83 × 100 = 8,300. బోడ్‌మాస్ రూల్ (ముందు బ్రాకెట్, తర్వాత గుణకారం, ఆ తర్వాతే కూడిక అనేది) గుర్తులేకపోయినా పర్లేదు, జవాబుని ఒకసారి కళ్ళం పక్కన నిలబెట్టి చూస్తే తప్పు దానంతటదే బయటపడుద్ది.

పలాస వైపు జీడిపిక్కల వ్యాపారంలోనూ బస్తా 80 కేజీలే. అక్కడ మిల్లు పెట్టినాయన సమాసం ఇంకోలా ఉంటుంది, బస్తా పిక్కల్లోంచి వచ్చే పప్పు ప కేజీలు, పప్పు సగటు రేటు ర, పిక్కల ధర బ, వేయించడం, ఒలవడం, గ్రేడింగ్ అన్నీ కలిపి ఖర్చు ఖ, మిగిలేది పర − బ − ఖ. ర ని మార్కెట్ నిర్ణయిస్తుంది, బ సీజన్‌ని బట్టి ఉంటుంది, ప మాత్రం పిక్క నాణ్యతని బట్టి. బస్తా బరువులో పప్పు నాలుగో వంతుకి అటూఇటూగా ఉంటుంది, అంటే 20 కేజీల చుట్టూ, ఈ ప లో ఒక కేజీ తేడా వస్తే మిగులులో ర అంత తేడా. కొనే ముందు నాలుగు పిక్కలు కోసి చూడటం వెనక ఉన్న బీజగణితం అదే.

అందరికీ పనికొచ్చేది, అందరూ తప్పు వేసేది కరెంటు బిల్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఇంటి కనెక్షన్ రేట్లు చూస్తే మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90, 31 నుంచి 75 దాకా 3.00, 76 నుంచి 125 దాకా 4.50, 126 నుంచి 225 దాకా 6.00, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం, సర్దుబాటు ఛార్జీలు వీటికి అదనం, అవి కాసేపు పక్కన పెడదాం (బిల్లు కట్టేటప్పుడు పక్కన పెట్టనివ్వరనుకోండి).

నెలకి య యూనిట్లు కాలాయి, య అనేది 126కీ 225కీ మధ్యలో ఉంది. చాలామంది 6య అనేస్తారు, 180 యూనిట్లయితే 1,080 అని. అలా కాదు, మొదటి 30కి 57 రూపాయలు, తర్వాతి 45కి 135, తర్వాతి 50కి 225, ఇక్కడికి 125 యూనిట్లు, 417 రూపాయలు. ఆపైన ఉన్న యూనిట్లకే 6 రూపాయలు, ఆపైన ఉన్నవి ఎన్ని అంటే య − 125. సమాసం 417 + 6(య − 125). 180 వేస్తే 417 + 330 = 747. ఇందులో కష్టమైన ముక్క య − 125 ఒక్కటే, మొత్తం కాకుండా గీత దాటినవి మాత్రమే అని రాయగలగడం, అది వస్తే ఇలాంటివి ఏవైనా వచ్చేస్తాయి, ఇన్‌కమ్ టాక్స్ స్లాబులు కూడా ఇదే అచ్చు.

బ్రాకెట్ విప్పితే 417 + 6య − 750, అంటే 6య − 333. ఇది పొట్టిగా ఉంది, లెక్కెయ్యడానికి తేలిక, 180 × 6 = 1080, లోంచి 333 తీస్తే 747. కానీ ఈ 333 ఎక్కడ్నించి వచ్చింది అంటే బిల్లులో ఎక్కడా కనపడదు. అది కింది స్లాబుల్లో తక్కువ రేటు వల్ల మిగిలిన డబ్బు, మొదటి 30 యూనిట్లలో ఒక్కోదానికి 4.10 చొప్పున 123, తర్వాతి 45లో 3 చొప్పున 135, తర్వాతి 50లో 1.50 చొప్పున 75, కలిపితే 333. అంటే ఒకే బిల్లుకి రెండు కథలు, పొడుగుదాంట్లో మెట్టు మెట్టుకీ ఎంతయిందో కనపడుతుంది, పొట్టిదాంట్లో అంతా పెద్ద రేటుకే వేసి తర్వాత తగ్గింపు ఇచ్చినట్టు ఉంటుంది. రెండిటి విలువా ఒకటే. సూక్ష్మీకరించండి అని పరీక్షలో అడిగినప్పుడు పిల్లలు చేసేది ఇదే, కాకపోతే అలా పొట్టి చేసినప్పుడు అర్థం కొంత లోపలికి పోతుందని కూడా చెప్తే బాగుంటుంది.

ఇప్పుడు ఇందాకటి సున్నా చెకింగ్ ఇక్కడ వేస్తే −333 వస్తుంది, కరెంటు ఏమీ కాల్చకపోతే డిపార్ట్‌మెంటే ఎదురు 333 ఇస్తుందా? ఇవ్వదు. సమాసం తప్పు కాదు, వాడిన చోటు తప్పు, అది 126 నుంచి 225 మధ్యకే పనికొస్తుంది. దాని కింద స్లాబుకి 4.50య − 145.50. రెండిట్లోనూ 125 వేసి చూడండి, అటూ 417, ఇటూ 417, రెండు ముక్కలూ గీత దగ్గర సరిగ్గా అతుక్కున్నాయి. అతుక్కోకపోతే ఎక్కడో లెక్క తప్పినట్టు.

ఈ అతుకు వల్లే ఇంకో భయం కూడా పోతుంది. ఒక్క యూనిట్ ఎక్కువైతే మొత్తం యూనిట్లకీ పెద్ద రేటు పడిపోద్దని మన దగ్గర గట్టి నమ్మకం, నెలాఖరున మీటర్ చూసి ఫ్యాన్లు ఆపేసేవాళ్లు ఉన్నారు. ఈ స్లాబుల్లో 225 యూనిట్లకి 1,017, 226కి 1,025.75, తేడా 8.75 మాత్రమే. నమ్మకం ప్రకారమైతే 226 × 8.75 = 1,977.50 రావాలి. అయితే ఆ భయం ఊరికే పుట్టింది కాదు, 2022కి ముందు వాడకాన్ని బట్టి ఏ, బీ, సీ అని గ్రూపులుండేవి, గ్రూపు మారితే కింది యూనిట్ల రేట్లు కూడా మారిపోయేవి. సమాసం మారింది, జనం నోట్లో పాతదే ఉండిపోయింది.

స్థలాల లెక్కకి పెద్దగా చెప్పేదేం లేదు, సెంటుకి 48.4 గజాలు, స సెంట్లు అంటే 48.4స గజాలు, గజం రేటు గ అయితే మొత్తం 48.4సగ. ఐదు సెంట్లంటే 242 గజాలు. ఒకరు సెంటు రేటు చెప్తే ఇంకొకరు గజం రేటు చెప్తారు, ఏ అక్షరం ఏ కొలతలో ఉందో పక్కన రాసుకోకపోతే మాత్రం బేరం మధ్యలో తల తిరుగుతుంది.

చివరగా వడ్డీ. బ్యాంకు వాళ్లు ఏడాదికి శాతంలో చెప్తారు, ఊళ్లో మాత్రం "నూటికి రెండు రూపాయలు" అంటారు, అది నెలకి. ప్రామిసరీ నోటులో కూడా నెల 1కి నూటికి రూ. 2 చొప్పున అనే రాస్తారు. అసలు అ, వడ్డీ రేటు వ, నెలలు న అయితే వడ్డీ అవన ÷ 100. 50,000కి రెండు రూపాయల వడ్డీ, ఎనిమిది నెలలు, 50,000 × 2 × 8 ÷ 100 = 8,000. ఏడాదికైతే న = 12 వేయాలి, 12,000, అంటే బ్యాంకు భాషలో 24 శాతం. "బ్యాంకులో 12, బయట 2యే" అని సంతోషపడేవాళ్లు చూడాల్సింది ఈ న నే, బ్యాంకు వాళ్ల 12 ఏడాది మొత్తానికి, బయటి 2 ప్రతి నెలకీ.

ఇది బారువడ్డీ లెక్క. నెల నెలా వడ్డీ కట్టకపోతే దాన్ని అసల్లో కలిపేసే పద్ధతైతే సమాసమే మారిపోద్ది, ప్రతి నెలా ఉన్న మొత్తాన్ని 1.02తో గుణించాలి, పన్నెండు నెలలంటే పన్నెండుసార్లు. అప్పుడు ఏడాది చివర కట్టాల్సింది 62,000 కాదు, సుమారు 63,412. ఏడాదికి 1,412 తేడా చిన్నగానే కనపడొచ్చు, మూడేళ్లు గడిస్తే మొదటి పద్ధతిలో 86,000, రెండో దాంట్లో లక్ష దాటిపోతుంది. నోటు మీద "నూటికి రెండు" అని ఉన్నంతమాత్రాన ఈ రెండిట్లో ఏదో తెలియదు, సంతకం పెట్టే ముందే అడిగి ఆ ముక్క కూడా రాయించుకోవాలి.